కాన్పుకి నర్సు కావాలి, కోడలిగా వద్దా?



మా నానీ ఇంతెఖాల్ అయి నలభై రోజులు దాటాయి. ఎనభై మూడేళ్ళ జిందగీలో ముప్ఫై ఐదేళ్ళు గుంటూరు జిల్లాలో సర్కారీ నర్సుగా నౌకరీ చేసింది. గంజి పెట్టిన తెల్ల చీర కట్టుకుని, దానిమీద బురఖా వేసుకుని డ్యూటీకి వెళ్ళేది. గాజు సిరంజిలు నీళ్ళలో మరగబెట్టి వాడిన కాలం ఆమెది. ఆ అలవాటు చివరిదాకా పోలేదు. ఇంట్లో కొత్త చెంచా కొన్నా పది నిమిషాలు మరిగితేగానీ దస్తర్‌ఖాన్ మీదికి వచ్చేది కాదు.

సూదంటే భయపడే కోడళ్ళని "మీ అత్త ఎలాంటిదే?" అని అడిగేది. ఆ పిల్ల అత్త పురాణం మొదలుపెట్టేలోపే సూది దిగిపోయేది. "డర్ నక్కో బేటీ, అత్త మాటకన్నా దీని నొప్పి తక్కువే" అనేది.

1995లో పల్స్ పోలియో మొదలయ్యాక మా మొహల్లాలో కొందరు, చుక్కలేస్తే పెద్దయ్యాక ఔలాద్ కలగదని తలుపులేసుకున్నారు. నానీ మా కజిన్లందర్నీ వెంటేసుకుని ఇంటింటికీ తిరిగింది. "వీళ్ళకి చుక్కలేసింది నేనే. ఔలాద్ సంగతి తర్వాత, ముందు వీళ్ళ అల్లరి తగ్గుతుందేమో అనుకున్నా, అదీ తగ్గలేదు" అనేది. నవ్వుతూనే తలుపులు తీసేవాళ్ళు. 2014లో ఇండియా పోలియో నుంచి బయటపడిందని టీవీలో చెప్పినరోజు, ఈద్ కాకపోయినా ఇంట్లో షీర్ ఖుర్మా వండించింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, చెహలుమ్ ఫాతిహాకి ఖాన్‌దాన్ అంతా వచ్చింది. మరహూమా ఎంత ఖిద్మత్ చేసిందో అందరూ తలుచుకున్నారు. అప్పుడే మా ఖాలా కూతురు, ఇంటర్ అయ్యాక బీఎస్సీ నర్సింగ్‌లో చేరతానంది. అంతవరకూ నానీని పొగిడిన ఒక పెద్దాయనే "నైట్ డ్యూటీలు, నామెహ్రమ్ మగాళ్ళని ముట్టుకోవడాలు... రేపు రిష్తాలెలా వస్తాయమ్మా?" అన్నారు. చాలా తలలు అవునన్నట్టు ఊగాయి. పిల్ల తలొంచుకుని ప్లేట్లు తీసింది.

నాకు తెలిసి ఆయనింట్లో ముగ్గురు కోడళ్ళ కాన్పులకీ లేడీ డాక్టరే కావాలని, లేడీ నర్సే ఉండాలని పట్టుబట్టారు. తప్పులేదు, పర్దా కోరుకోవడం మన హఖ్. కానీ ఆ నర్సులు ఎక్కణ్ణుంచి రావాలి? మన ఆడవాళ్ళకి ఆడవాళ్ళే ఖిద్మత్ చేయాలి, ఆ ఆడవాళ్ళు మాత్రం పక్కింటివాళ్ళ బిడ్డలై ఉండాలి! ఇదేం ఇన్సాఫ్?

దీన్ పేరు చెప్పి ఆపేవాళ్ళు రుఫైదా అల్ అస్లమియా (రజి) గురించి చదవాలి. మస్జిదె నబవీలో ఆమె ఖైమా ఉండేది. ఖందఖ్ జంగ్‌లో గాయపడ్డ సాద్ బిన్ ముఆజ్ (రజి)ని ఆ ఖైమాలోనే ఉంచమని హుజూర్ (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పారు.

నైట్ డ్యూటీ ఫికర్ నిజమైనదే, కాదనను. దానికి మా నానా అబ్బా దగ్గర జవాబుండేది. రాత్రి డ్యూటీకి నానీని సైకిల్ మీద దించి వచ్చేవారు, పొద్దున ఫజర్ చదువుకుని మళ్ళీ వెళ్ళి తెచ్చుకునేవారు. "బీవీ జీతం తింటున్నాడు" అన్నవాళ్ళూ ఉన్నారు. ఆయన వాళ్ళతో బహస్ పెట్టుకోలేదు. సైకిల్‌కి గాలి కొట్టించుకున్నారు, అంతే.

నానీ జనాజా రోజు మా గల్లీలో నిలబడ్డానికి చోటు లేదు. "నా బిడ్డ ఈమె చేతుల్లోనే పడ్డాడు" అంటూ హిందూ అమ్మలు కూడా వచ్చి ఏడ్చారు. ఘుస్ల్ ఇచ్చినవాళ్ళలో ఒకామె నానీ పురుడు పోసిన బిడ్డే. ఇంతకన్నా పెద్ద ఇజ్జత్ ఏ రిష్తా తెచ్చిపెడుతుంది?

ఆ రాత్రి ఖాలాకి ఒకటే చెప్పాను: అప్లికేషన్ నింపించండి, కాలేజీకి దించే పని నాది. సైకిల్ లేదుగానీ స్కూటీ ఉంది.

అల్లాహ్ మా నానీకి మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.