ఇంకొక్కటే, భాయ్‌జాన్!



ఈ నెల మేము ఒక పాత జీపును గురించి వ్రాయదలిచాము. మదరసా ఉపాధ్యాయునికి జీపుతో పనేమిటని కొందరు ఆశ్చర్యపోవచ్చు. ఆ జీపు మా ఇంటిదే. అది మాకు నేర్పిన పాఠం మేము ఏళ్ళ తరబడి విద్యార్థులకు చెబుతూ వచ్చినదే. పాఠం చెప్పడం వేరు, దానిని ఇంట్లో అమలు చేయడం వేరు అన్న సంగతి మాకు చాలా ఆలస్యంగా బోధపడింది.

మా నాన్నగారు ఆదిలాబాదు జిల్లాలో తునికాకు గుత్తేదారుల వద్ద మున్షీగా పనిచేసేవారు. వేసవి అంతా కల్లాల చుట్టూ తిరిగేవారు. మిగతా కాలంలో ఊట్నూరు, జైనూరు, నార్నూరు సంతలకు కిరాణా సరకు చేరవేసేవారు. వానలు మొదలైతే ఆ దారుల్లో ఎడ్లబండి కూడా దిగబడేది. 1996లో ఒక ప్రభుత్వ శాఖ తన పాత వాహనాలను వేలం వేసినప్పుడు, 1991 నాటి మహీంద్రా ఎంఎం 540 జీపును ఆయన పాడుకున్నారు. ప్యుజో నమూనా 2.1 లీటర్ల డీజిల్ ఇంజను, ముందూ వెనుకా కమాను కట్టలు, సన్నని టైర్లు, గేరు కర్ర పక్కన నాలుగు చక్రాలకూ బలమిచ్చే చిన్న కర్ర. ఉన్నది అంతే. వాగు ఎదురైతే నాన్నగారు ఆ చిన్న కర్రను ‘లో’లోకి వేసి, బిస్మిల్లాహ్ అని, మనిషి నడిచే వేగంతో దాటించేవారు. వేగం తగ్గేకొద్దీ లాగే బలం పెరుగుతుంది, తొందరపడినవాడే బురదలో కూరుకుపోతాడు అని మాకు చెప్పేవారు.

ఈ బండి వంశవృత్తాంతం కూడా తెలుసుకోదగినదే. 1940లో అమెరికా సైన్యం తనకొక తేలికపాటి వాహనం కావాలని తయారీదారులను కోరింది. బరువు 1300 పౌండ్లు మించరాదన్నది తొలి షరతు. ఆ షరతును ఎవరూ నెరవేర్చలేకపోయారు. యుద్ధంలోకి దిగేనాటికి జీపు బరువు 2000 పౌండ్లు దాటింది. ‘ఇంకొంచెం చేరిస్తే బాగుంటుంది’ అన్న గుణం పుట్టుకతోనే దానికి అంటుకున్నదన్నమాట. మన దేశంలో ఆ జీపును తెచ్చి కూర్చిన సంస్థ 1945లో ‘మహీంద్రా అండ్ మహమ్మద్’ పేరుతో మొదలైంది. అందులోని మహమ్మద్, అంటే మలిక్ గులామ్ మహమ్మద్, దేశ విభజన తరువాత పాకిస్తాన్ తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో సంస్థ పేరు ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా మారింది.

2011లో నాన్నగారు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అమ్మ అంతకుముందే వెళ్ళిపోయింది. మేము, మా తమ్ముడు, మా చెల్లెలు వారసులుగా మిగిలాము. ఇంటినీ, ఉన్న కాస్త భూమినీ ధర్మశాస్త్రం ప్రకారం పంచుకున్నాము. జీపు మాత్రం పంపకంలోకి రాలేదు. ‘ఇనుప సామానే కదా, తరువాత చూద్దాం’ అనుకున్నాము. తమ్ముడు దానిని తన వాకిట్లో పెట్టుకున్నాడు.

రెండేళ్ళ తరువాత టైర్లు అరిగిపోయాయి. అరిగిన టైర్లను మార్చవలసిందే, అందులో దోషం లేదు. కానీ తమ్ముడు పాత కొలత టైర్లు తేలేదు. 31 అంగుళాల వెడల్పాటి టైర్లూ, వాటికి సరిపోయే కొత్త రిమ్ములూ తెచ్చాడు. ఖర్చు 48,000 రూపాయలు. మేము కూడా చుట్టూ తిరిగి చూసి, ‘మాషా అల్లాహ్, బాగుంది’ అన్నాము.

కథ అక్కడ మొదలైంది. మలుపు తిప్పితే కొత్త టైర్లు రేకుకు రాసుకున్నాయి. అందుకని పొడవాటి షాకిళ్ళు, అదనపు పట్టీలు వేయించి జీపును ఎత్తు చేశాడు. అందుకు 12,000. ఎత్తు పెరిగేసరికి ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారి, క్రాసులు త్వరగా అరగసాగాయి. వెడల్పాటి చక్రాల వల్ల స్టీరింగ్ బరువెక్కింది. పవర్ స్టీరింగుకు 25,000. పెద్ద చక్రాన్ని ఆపడానికి పాత డ్రమ్ము బ్రేకుల శక్తి చాలలేదు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, 18,000. పెద్ద చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కనుక ఇంజను మీద బరువు పడి, చిన్న ఎత్తుకే ఆయాసపడసాగింది. వేరొక పెద్ద ఇంజను, దానికి తగిన క్లచ్చు, గేర్‌బాక్సు, రేడియేటరు కలిపి 95,000. చివరగా ముందువైపు ఇనుప బంపరు, దాని మీద బురదలోంచి బండిని లాగే వించి, 40,000. ఆ బరువుకు ముందు కమాన్లు కుంగాయి. ‘భాయ్‌జాన్, కమాన్లు ఒక్కటే మిగిలాయి. ఇంకొక్కటే, ఆ తరువాత ముట్టుకోను’ అన్నాడు తమ్ముడు. ఆ మాట మేము ఆరేళ్ళలో ఆరుసార్లు విన్నాము.

లెక్క కూడితే 2,38,000 రూపాయలు. ఇది కాక కొత్త టాపుకు మరో 9,000. ఈ తొమ్మిది వేలను ఎందుకు విడిగా చెబుతున్నామంటే, అది మేమిచ్చినది. పిల్లలను తీసుకువెళ్ళేటప్పుడు ఎండ తగులుతోందని కాన్వాసు టాపు మేమే కుట్టించాము. పాతది పనికివచ్చేదే, రంగు మాత్రమే వెలిసింది. తమ్ముణ్ణి ఒక్కణ్ణే తప్పుపట్టే అర్హత మాకు లేదు.

ధర్మశాస్త్ర విద్వాంసులు మానవ ప్రయోజనాలను మూడు మెట్లుగా విభజించారు. ఏది లేకపోతే జీవితం నిలవదో అది జరూరియాత్, అంటే అత్యవసరం. ఏది లేకపోతే కష్టమో అది హాజియాత్, అంటే అవసరం. ఏది ఉంటే అందమో అది తహ్సీనియాత్, అంటే సొగసు. ఇస్లామ్ మూడవదాన్ని నిషేధించలేదు. అయితే మొదటిదాన్ని వదిలి మూడవదాని వెంట పడరాదు. ఈ విభజనను మేము తరగతిలో చాలాసార్లు బోధించాము. జీపు మాకు దానిలో ఒక సూక్ష్మాన్ని చూపింది. సొగసు తానున్న మెట్టు మీద ఊరుకోదు. వెడల్పాటి టైర్లు కేవలం సొగసు. కానీ అవి వచ్చిన మరుక్షణం బలమైన బ్రేకులు అత్యవసరమయ్యాయి, ఎందుకంటే బండి ఆగకపోతే ప్రాణం పోతుంది. తమ్ముడు ‘ఇది అవసరం భాయ్‌జాన్’ అన్న ప్రతిసారీ నిజమే చెప్పాడు. ఆ అవసరాన్ని పుట్టించింది తన చేతులే అన్న సంగతిని మాత్రం మరిచాడు. ఒక అనవసరం పది అవసరాలకు తల్లి అవుతుంది. బంగారు లోయ దక్కినవాడు రెండవ లోయకు ఆశపడతాడని దైవప్రవక్త (స) చేసిన హెచ్చరిక మనకు తెలిసినదే. ఆ రెండవ లోయ చాలాసార్లు పేరాశ రూపంలో రాదు, ‘తప్పనిసరి’ అన్న రూపంలో వస్తుంది.

పాత జీపుకు ఈ వ్యాధి సులభంగా సోకడానికి కారణముంది. దాని నిర్మాణం తేట. రేకులు బల్లపరుపుగా ఉంటాయి, బోల్టు విప్పితే ఊడుతుంది, బిగిస్తే నిలుస్తుంది. హర్యానాలోని మండీ డబ్వాలీ అనే పట్టణం జీపులను కోరిన విధంగా కూర్చి ఇవ్వడానికే పేరు పొందింది. పాత వస్తువును పారవేయకుండా కాపాడుకోవడం మంచి గుణం. ఆ పనివారి నైపుణ్యం కూడా గౌరవించదగినదే. కానీ బాగుచేయడానికి ఒక ముగింపు ఉంటుంది. చెడిపోయినది పనిచేస్తే పని అయిపోయినట్లే. మార్చడానికి ముగింపు లేదు, ఎందుకంటే పూర్తయిన జీపు వాకిట్లో ఉండదు, మనసులో ఉంటుంది. వాకిట్లోది దాని దగ్గరకు వచ్చేకొద్దీ మనసులోది మరో అడుగు ముందుకు జరుగుతుంది.

2019 వేసవిలో మా చెల్లెలు మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త ఆరోగ్యం బాగాలేదు, పెద్ద కొడుకు డిప్లొమాలో చేరవలసి ఉంది. చాలాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడింది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, ‘భాయ్‌జాన్, అబ్బాజాన్ జీపులో నాకేమైనా వస్తుందా? రాకపోయినా ఫరవాలేదు. ఊరికే అడిగాను’ అన్నది.

మేము మదరసాలో వారసత్వ శాస్త్రాన్ని బోధిస్తాము. ‘సిరాజీ’ గ్రంథంలోని లెక్కలు మా నాలుక మీద ఉంటాయి. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉంటే ఆస్తి ఐదు భాగాలు. కొడుకులకు రెండేసి, కూతురికి ఒకటి. ఈ లెక్కకు పలక కూడా అక్కర్లేదు. ఎనిమిదేళ్ళుగా ఆ ఒక్క భాగం మా కళ్ళ ముందే టైర్ల మీద తిరుగుతోంది, మేము దాని వెనుక సీటులో కూర్చుని తిరుగుతున్నాము. సూరా నిసాలో అల్లాహ్ స్వయంగా నిర్ణయించిన వాటాను ‘ఇనుప సామాను’ అని పక్కన పెట్టినవాళ్ళము మేమే.

ఆ రాత్రే తమ్ముడి ఇంటికి వెళ్ళాము. ‘చెల్లెలు ఎప్పుడూ అడగలేదు కదా భాయ్‌జాన్’ అన్నాడు. ‘అడగకపోవడం వదులుకోవడం కాదు’ అన్నాము. ‘ఆమె సిగ్గుపడింది. మన ఇళ్ళలో ఆడబిడ్డ సిగ్గును మనం అంగీకారంగా లెక్కవేసుకుంటున్నాము. అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని ఆమె భయం.’ తమ్ముడు కొంతసేపు మౌనంగా ఉండి, ‘నేను దీనిమీద రెండు లక్షల పైన పెట్టాను, అదెలా లెక్క?’ అన్నాడు. ఉమ్మడి వస్తువు మీద ఖర్చు పెట్టే ముందు మిగిలిన భాగస్వాముల అనుమతి కోరవలసిందని, ఆ ఖర్చును చెల్లెలి వాటాలోంచి తగ్గించే హక్కు మనకు లేదని చెప్పాము. వించి కోసం నలభై వేలు దొరికిన ఇంట్లో ఆమె వాటా దొరకకపోవడం ఎంత విడ్డూరమో అతడికి వేరుగా చెప్పవలసిన పని లేకపోయింది.

మాతో సంబంధం లేని ఒక మెకానిక్ చేత వెల కట్టించాము. మార్పులేమీ లేని జీపుగా అయితే 1,50,000 అన్నాడు. చెల్లెలి వంతు 30,000. మాదీ తమ్ముడిదీ చెరి 60,000. మా వంతును మేము తమ్ముడికి వదిలేశాము. అది వదలడం మా చేతిలోని పని. చెల్లెలి వంతును వదలడం మా చేతిలో లేదు. తమ్ముడు ఆ వారమే వించిని అమ్మి ఆమెకు ముప్ఫై వేలూ ఇచ్చాడు. మేనల్లుడు చదువులో చేరాడు.

కథ ఇక్కడితో ముగియలేదు. 2021లో రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ గడువు వచ్చింది. సొంత వాహనానికి పదిహేనేళ్ళు నిండిన తరువాత ఐదేళ్ళకోసారి తనిఖీ చేయించి పత్రాన్ని పొడిగించుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్ణయించిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరునెలల వరకు జైలు, లేదా రెండూ అని చేర్చారు. ఇనుప బంపర్లనైతే 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దన్నది, ఎందుకంటే అవి పాదచారులకు ప్రాణాంతకం. తనిఖీ అధికారి పత్రంలోని ఇంజను నంబరునూ, బండిలోని ఇంజనునూ పోల్చి చూసి జీపును వెనక్కి పంపారు.

తమ్ముడు బంపరు ఊడదీశాడు, పాత కొలత టైర్లు కొన్నాడు. పశువుల కొట్టంలో గోనె కప్పి ఉన్న పాత ఇంజనును బాగుచేయించి తిరిగి పెట్టించాడు. మార్చడానికి ఆరేళ్ళు పట్టింది, వెనక్కి తేవడానికి నాలుగు నెలలు, మరికొంత డబ్బు. పత్రం వచ్చిన తరువాత మేమిద్దరం జైనూరు దారిలో వెళ్ళాము. వాగు దగ్గర తమ్ముడు చిన్న కర్రను ‘లో’లోకి వేసి నిదానంగా దాటించాడు. నాన్నగారు ఏ సామానుతో దాటించేవారో దానితోనే జీపు దాటింది.

తమ్ముడికి కోరిక పోయిందని మేము చెప్పము. ఈ మధ్యనే ఫోనులో ఒక కొత్త రకం లైట్ల బొమ్మ చూపించాడు. ఇప్పుడు మాత్రం మా ముఖం చూసి తనే నవ్వి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ప్రియ పాఠకులారా! మీ ఇంట్లో జీపు ఉండకపోవచ్చు. ఏటా మారే వంటగది ఉండవచ్చు, పైకి పెరుగుతూ పోయే ఇల్లు ఉండవచ్చు, పెళ్ళి పెళ్ళికీ పొడవయ్యే విందు జాబితా ఉండవచ్చు. ‘ఇంకొక్కటే’ అన్న మాట నోటికి వచ్చినప్పుడు కొంచెం ఆగి చూడండి. ఇది చెడినదాన్ని బాగుచేయడమా, బాగున్నదాన్ని మార్చడమా? ఇది వస్తే దీని వెనుక ఇంకేమేమి కావలసివస్తుంది? అన్నింటికన్నా ముఖ్యంగా, ఈ డబ్బులో, ఈ వస్తువులో, అడగడానికి సిగ్గుపడుతున్నవారి వంతు ఏదైనా కలిసి ఉందా? ఉంటే, ఈ సంచిక మడిచిపెట్టి ముందుగా వారి ఇంటికి వెళ్ళండి. వారు గుమ్మం దగ్గర ఆగి అడిగేదాకా, మేము చేసినట్లుగా, ఎదురుచూడకండి.

హక్కుదారులకు వారి హక్కును వారు అడగకముందే అందజేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.