తప్పిపోయిన ఆ ఒక్కరి కోసం

క్రైస్తవ కళాశాలల యాజమాన్యాలకు,

1843లో మచిలీపట్నంలో నోబుల్ విద్యాసంస్థకు పునాది పడింది. 1885లో గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల మొదలైంది. ఊరి బడి గడప తొక్కనివ్వని పిల్లలెందరికో మిషన్ బడులే తలుపు తెరిచాయి.

ఇప్పుడు తలుపు తెరిస్తే చాలదు, లోపలికొచ్చినవారు డిగ్రీ దాకా నిలవాలి. చదువు ఎవరూ ఒక్కరోజులో మానరు. ముందు హాజరు తగ్గుతుంది, తర్వాత ఇంటర్నల్స్ పోతాయి, ఆపై ఫీజు గడువు దాటుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయి ఇంగ్లిషు పాఠం అర్థంకాక వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటుంది. ఆ మౌనాన్ని మొదట పసిగట్టాల్సింది కొందరు విద్యార్థుల బాగోగులు చూసే మెంటర్ అధ్యాపకులే.

కళాశాలల నాణ్యతను పరిశీలించే న్యాక్ మదింపు కోసం మెంటర్ రిజిస్టర్లు తయారవుతున్నాయి. చాలాచోట్ల వాటిలో సంతకాలున్నాయి గాని సంభాషణల్లేవు.

దయచేసి ఒక్కో మెంటర్‌కు 20 మంది విద్యార్థులకు మించి అప్పగించకండి. వాళ్లతో మాట్లాడేందుకు వారానికో గంట టైంటేబుల్లో పెట్టి, దాన్ని పనిభారంలో లెక్కించండి. వరుసగా 3 రోజులు రాని విద్యార్థి ఇంటికి ఫోన్ వెళ్లాలి. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే ఫీజుకు గడువివ్వండి. ఏ మతం పిల్లలకైనా ఇదే ఆదరణ దక్కాలి.

తొంభైతొమ్మిది గొర్రెలను విడిచి, తప్పిపోయిన ఒక్కదాన్ని వెతికిన కాపరి కథ మీ చాపెల్‌లో వినిపిస్తుంది. హాజరుపట్టీ తెరిచినప్పుడూ ఆ కథను గుర్తుంచుకోండి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు