మార్చితో ముగుస్తున్న వాతావరణ పథకాల గడువు.. దివిసీమకు దక్కేదెంత?

మచిలీపట్నం, నవంబర్ 2025: మొంథా తుపాను అక్టోబర్ 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటింది. కృష్ణా జిల్లాలో తీర గ్రామాల జనాన్ని ముందే షెల్టర్లకు తరలించారు. ఫోన్లకు అలర్టులు వచ్చాయి, పడవలు ముందే ఒడ్డుకు చేరాయి. కోతకు దగ్గరపడ్డ వరి మాత్రం చాలాచోట్ల నేలవాలింది.

ఇదే తీరం 48 ఏళ్ల కిందట ఎలా ఉందో దివిసీమ పెద్దలకు ఇప్పటికీ గుర్తే. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది చనిపోయారు. అసలు సంఖ్య అంతకంటే ఎక్కువేనని ఇప్పటికీ చెబుతారు. తుపాను వస్తోందని అప్పుడూ హెచ్చరించారు. కానీ సముద్రం ఎంత ఎత్తున లేస్తుంది, ఏ ఊరి దాకా వస్తుంది అన్నది ఊరూరా లెక్కగట్టి చెప్పే ఏర్పాటు లేదు. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ల మీదకు నీళ్లు గోడలా వచ్చిపడ్డాయి.

13 ఏళ్ల తర్వాత, 1990 మేలో దాదాపు అంతే బలమైన తుపాను మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి మృతుల సంఖ్య వెయ్యి లోపే. ఆ మధ్యలో రాడార్లు, ఉపగ్రహ చిత్రాలు, షెల్టర్లు వచ్చాయి. లక్షకు పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. వాతావరణ అంచనా మీద పెట్టిన డబ్బు ఏం చేస్తుందో చెప్పడానికి ఈ రెండు తుపాన్లు చాలు.

మరి ఇప్పుడు ఈ నిధుల సంగతేంటి?

2026 మార్చి.. ఒకేసారి ముగింపు

కేంద్రం 2024 సెప్టెంబర్‌లో 'మిషన్ మౌసమ్'కు ఆమోదం తెలిపింది. రెండేళ్లకు 2,000 కోట్లు. కొత్త డాప్లర్ రాడార్లు, మెరుగైన ఉపగ్రహ పరికరాలు, సూపర్ కంప్యూటర్లు, సిబ్బందికి శిక్షణ దీని లక్ష్యాలు. అంతకు కొన్ని నెలల ముందు, 2024 జనవరిలో భూవిజ్ఞాన శాఖ పథకాలన్నీ కలిపి 'పృథ్వీ' పేరుతో 4,797 కోట్లకు ఓకే చెప్పారు. ఇది 2021 నుంచి 2026 వరకు. ఇందులో పరిశోధన, చదువు, శిక్షణ కోసం 'రీచౌట్' అనే భాగం ఉంది. నీటి లెక్కలకు సంబంధించి 2016లో మొదలైన జాతీయ హైడ్రాలజీ ప్రాజెక్టు వేరు. ప్రపంచ బ్యాంకు సాయంతో 3,679 కోట్లు. దాని అసలు గడువు ఎనిమిదేళ్లే.

మిషన్ మౌసమ్, పృథ్వీ.. రెండిటి కాలం 2026 మార్చితో అయిపోతుంది. ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం మొదలవుతుంది. కేంద్ర పథకాలన్నీ మళ్లీ మదింపునకు వెళ్తాయి. ఏది ఉంటుంది, ఏది పోతుంది, ఏ పద్దులో కోత పడుతుంది అనేది అక్కడే తేలుతుంది. రాడార్ కొంటే ఫొటో ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. ఓ పరిశోధక విద్యార్థికి నాలుగేళ్లు స్టైపెండ్ ఇస్తే ఆ రెండూ ఉండవు. అందుకే కోత అనగానే కత్తెర ముందు ఈ రెండో పద్దు మీదే పడుతుందన్న భయం.

రాడార్ చూస్తుంది.. కానీ అన్నీ కాదు

మచిలీపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. గాలిలోకి బెలూన్ వదిలి పైపొరల లెక్కలు తీసే కేంద్రమూ ఇక్కడే. తీరం వైపు వచ్చే తుపానును పట్టుకోవడానికి ఇది చాలా మంచి చోటు. కానీ 2024 సెప్టెంబర్‌లో కృష్ణా డెల్టాను ముంచింది సముద్రం కాదు.

ఒక్కసారి 2009తో పోల్చి చూడండి. ఆ అక్టోబర్‌లో వరద కర్నూలు మీద పడి, శ్రీశైలం, సాగర్ దాటి కిందికి వచ్చింది. ప్రకాశం బ్యారేజీకి చేరేసరికి సుమారు 11.1 లక్షల క్యూసెక్కులు. భారీ వరదే.. అయినా పైన పెద్ద డ్యాములున్నాయి, కింద సర్దుకోవడానికి రోజుల టైమ్ దొరికింది.

2024లో అంత టైమ్ లేదు. ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన వాన అటు ఖమ్మంలో మున్నేరును, ఇటు విజయవాడ పక్కన బుడమేరును ఒకేసారి పొంగించింది. సెప్టెంబర్ 2కల్లా బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. అదే రికార్డు. బ్యారేజీ డిజైన్ సామర్థ్యం 11.9 లక్షలు అని గుర్తుపెట్టుకుంటే ఎంత అంచుకు వెళ్లిందో అర్థమవుతుంది. పైన పులిచింతలలో 45 టీఎంసీలు పడతాయి. బ్యారేజీలో పట్టేది మూడు టీఎంసీలే. మున్నేరు, వైరా, కట్టలేరు నీళ్లు పులిచింతల కింద కలుస్తాయి కాబట్టి వాటిని ఆపే చోటే లేదు. వచ్చింది వచ్చినట్టు దివిసీమ వైపు వదలాల్సిందే. పులిగడ్డ దగ్గర పాయలుగా చీలే కృష్ణ మధ్యలో ఉన్న లంక గ్రామాలకు మిగిలేది గంటల వ్యవధే.

ఇక్కడే రాడార్ పరిమితి కూడా ఉంది. మచిలీపట్నం నుంచి ఖమ్మం సుమారు 150 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల అంత దూరం వెళ్లేసరికి రాడార్ కిరణం నేల నుంచి రెండు మూడు కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. దాని కింద ఏం జరుగుతోందో సరిగా కనపడదు. అందుకే నేల మీది వాన కొలతలు, కీసర లాంటి చోట్ల కేంద్ర జలసంఘం నీటిమట్టం లెక్కలు, కంప్యూటర్ నమూనాలు.. అన్నీ కలిస్తేనే 'ఇంత వాన పడితే ఇన్ని గంటల్లో ఇంత నీరు' అని చెప్పగలిగేది.

గుడివాడ వైపు బాధ ఇంకో రకం. విజయవాడ టీవీల్లో కనిపించిన బుడమేరు నీళ్లు అక్కడితో ఆగలేదు. కొల్లేరు వైపు వెళ్తూ నందివాడ మండలం ఊళ్లను, చేలను, చెరువులను ముంచాయి. పైన గండ్లు పూడ్చారన్న వార్త వచ్చాక కూడా కింద నీళ్లు నిలిచే ఉన్నాయి. కొల్లేరు నుంచి ఉప్పుటేరు లాగితేనే ఆ నీరు కదులుతుంది. సముద్రం పోటు మీద ఉంటే ఉప్పుటేరు లాగదు. అంటే నందివాడ రైతుకు 'నీళ్లెప్పుడు తీస్తాయి' అని చెప్పాలంటే వాన, ఏరు, సరస్సు, సముద్రపు పోటు.. నాలుగూ ఒకే లెక్కలోకి రావాలి.

ఇప్పుడు ఆ నాలుగూ నాలుగు చోట్ల ఉన్నాయి. వాన వాతావరణ శాఖది. నది కేంద్ర జలసంఘానిది. సముద్రం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌ది. కాల్వలు, డ్రెయిన్లు రాష్ట్ర జలవనరుల శాఖవి. జనానికి మెసేజ్ పంపేది రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ. ఎవరి పని వాళ్లు చేస్తున్నారు. వీటన్నిటినీ డెల్టా నేల ఎత్తుపల్లాలతో కలిపి చదవగలిగే మనుషులు కావాలి. అలాంటివాళ్లు టెండర్ పిలిస్తే రారు, చదివించాలి.

చదువు ఎక్కడ?

తెలుగు నేల మీద ఈ చదువుకు పాత పేరు ఆంధ్ర విశ్వవిద్యాలయం. 1950ల్లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ విశాఖ వచ్చి ఇక్కడి విద్యార్థులతో బంగాళాఖాతం మీద పరిశోధన చేయించారు. వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం అలా ఎదిగింది. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, అది అంతరిక్ష శాఖది. మచిలీపట్నంలో 2008 నుంచి కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. రాడార్ ఉన్న ఊరు, ఉప్పెన చూసిన జిల్లా, వరద కాల్వల మధ్య క్యాంపస్.. నీరు, వాతావరణం మీద ఓ పరిశోధన కేంద్రానికి ఇంతకంటే సరైన చోటు రాష్ట్రంలో వెతికినా దొరకదు.

వర్సిటీ పరిశోధన జనానికి ఎలా పనికొస్తుంది అనేవాళ్లకు ఒక ఉదాహరణ. తుపాను వేళ ఉప్పెన ఎంత ఎత్తున వస్తుందో లెక్కగట్టడానికి వాతావరణ శాఖ ఏళ్ల తరబడి వాడిన నమూనా ఐఐటీ ఢిల్లీలో తయారైంది. అంటే కొందరు ప్రొఫెసర్లు, విద్యార్థులు క్లాస్‌రూమ్‌లో రాసిన సమీకరణాలే తర్వాత కలెక్టర్ల చేతిలో హెచ్చరికలయ్యాయి.

రాష్ట్ర వర్సిటీలకు డబ్బు కోసం 2023లో పెట్టిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఉంది. ఐదేళ్లకు 50 వేల కోట్లు అన్నారు. అందులో 36 వేల కోట్లు ప్రభుత్వం బయట నుంచి రావాల్సినవే. దివిసీమ ఉప్పెన మీద ఏ కంపెనీ పెట్టుబడి పెడుతుంది?

విపత్తు నిధి వైపు చూసినా అంతే. 15వ ఆర్థిక సంఘం లెక్కలో రాష్ట్ర విపత్తు నిధుల్లో 40 శాతం తక్షణ సాయానికి, 30 శాతం పునర్నిర్మాణానికి, 20 శాతం ముప్పు తగ్గించే పనులకు. సన్నద్ధత, సామర్థ్యం పెంపునకు 10 శాతమే. మునిగాక ఇచ్చేది ఎక్కువ, మునగకముందు పెట్టేది తక్కువ.

మూతపడ్డ 199 కేంద్రాలు

నిధులు ఆగితే ముందు పోయేదేంటో 2024లోనే కనిపించింది. జిల్లా స్థాయిలో రైతులకు వాతావరణ సలహాలిచ్చే 199 కేంద్రాలు దేశవ్యాప్తంగా ఆ ఏడాది మార్చిలో మూతపడ్డాయి. కృషి విజ్ఞాన కేంద్రాల్లో కాంట్రాక్టు సిబ్బందితో నడిచేవి. వర్సిటీల్లో ఉండే పెద్ద కేంద్రాలు మాత్రం కొనసాగాయి. మళ్లీ తెరవాలన్న డిమాండ్ అప్పటి నుంచీ ఉంది.

చిన్న ఖర్చే కదా అనిపించొచ్చు. కానీ డెల్టాలో సలహా లేకపోతే ఏమవుతుందో చూడాలి. వరి కోసి పనల మీద ఉంచాలా, రెండు రోజులు ఆగాలా? వరి మాగాణిలో మినుము ఎప్పుడు చల్లాలి? రొయ్యల రైతుకు మబ్బు పట్టిందంటేనే గుబులు. ఎండ లేకపోతే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరియేటర్లు ఆగకుండా తిప్పాలి, కరెంటు పోతే డీజిల్ సిద్ధంగా ఉండాలి. 'కోస్తాలో అక్కడక్కడా వర్షాలు' అనే వాక్యం నందివాడలో చెరువు గట్టు మీద నిలబడ్డ మనిషికి ఏం చెబుతుంది? ఆ వాక్యాన్ని మండలానికి, పంటకు తగ్గట్టు మార్చి చెప్పేవాళ్ల జీతాలే ఆగిపోయాయి.

మరోపక్క ఈ ఏడాది మేలో 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్' వచ్చింది. 12 కిలోమీటర్ల చదరాల నుంచి 6 కిలోమీటర్ల చదరాలకు అంచనా సన్నబడింది. ఇది నిజమైన ముందడుగే. దాని వెనక పుణె, నోయిడాల్లో 850 కోట్ల సూపర్ కంప్యూటర్లున్నాయి. 6 కిలోమీటర్లంటే దాదాపు ఊరి స్థాయి. అంత సన్నని అంచనా చేతికొచ్చిన టైమ్‌కి దాన్ని ఊళ్లోకి తీసుకెళ్లే మనిషి లేకుండా పోయాడు.

అమెరికాలోనూ ఇదే చర్చ. 2025లో అక్కడి వాతావరణ, సముద్ర సంస్థ 'నోవా'లో వందల ఉద్యోగాలు పోయాయి. దాని పరిశోధన విభాగాన్నే ఎత్తేయాలని వచ్చే ఏడాది బడ్జెట్‌లో ప్రతిపాదించారు. అది మనకూ సంబంధించిన సంగతే. హిందూ మహాసముద్రంలో తేలుతూ లెక్కలు పంపే బోయలు కొన్ని ఆ సంస్థతో కలిసి నడుస్తున్నవి.

కేంద్ర బడ్జెట్ ఫిబ్రవరి 1న. దివిసీమ, మచిలీపట్నం, గుడివాడ ప్రజాప్రతినిధులు అడగాల్సినవి చాలా చిన్నవి. మిషన్ మౌసమ్ కొనసాగితే శిక్షణకు విడి పద్దు. జిల్లా సలహా కేంద్రాల పునరుద్ధరణ. మచిలీపట్నంలో ఓ పరిశోధన విభాగం. పులిచింతల కింద నుంచి సముద్రం దాకా ఒకే వరద నమూనా.

ఆలోపు డిసెంబర్ గడవాలి. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబర్ 5న. అప్పుడూ డెల్టాలో వరి పనల మీదే ఉంది.