కౌన్సిలుల కాలహరణము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దల మాట. ఇంగ్లండు, వేల్సు దేశములలో కట్టిన యింటిని కొనుటయే యొక పరీక్షగా నున్నది. బేరము కుదిరి, తనఖాపై నప్పిచ్చు బ్యాంకు సమ్మతించి, దస్తావేజు చిత్తు సిద్ధమైన పిమ్మట సైతము వారముల తరబడి కార్యము సాగదు. కారణమేమన, క్రయదారుని సొలిసిటరు పంపిన ప్రశ్నలకు స్థానిక కౌన్సిలు కచ్చేరీనుండి జవాబు రాలేదు. జీవికకై ఆ దేశమునకు వెడలి యచ్చట నిండ్లు కొనుచున్న తెలుగువారికిని ఈ త్రోవ తప్పదు. కావున నీ విషయమును మా పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఈ ప్రశ్నలు వట్టి లాంఛనములు కావు. కొనువాడే జాగ్రత్త పడవలెననునది ఆ దేశపు ప్రాచీన న్యాయసూత్రము. ఇంటి ముందరి బాటను బాగుచేయు బాధ్యత కౌన్సిలుదా, ఇంటివారిదా? వెనుక వేసిన గదికి అనుమతి గలదా? బాట వెడల్పు చేయుటకై ఆ స్థలమును తీసికొను యోచన యున్నదా? పెరటి చెట్టును కొట్టరాదను ఉత్తరువున్నదా? వీని జవాబులు స్థానికాధికారుల కాగితములలోనే యుండును. విచారణ రెండు భాగములు. 1975వ సంవత్సరపు చట్టము ననుసరించి కౌన్సిలులు ఉంచుచు వచ్చిన స్థానిక భూభారముల పుస్తకమును శోధించుట మొదటిది. బాటలు, కట్టడపు టనుమతులు, నోటీసులు మొదలగు వానినిగూర్చి ‘కాన్ 29’ అను నమూనాలో నడుగు ప్రశ్నలు రెండవది. భూభారమొకటి జవాబులో కనబడక పోయినను, అది యింటిని విడువదు. నష్టపోయిన క్రయదారునకు పరిహారము కోరు హక్కు మాత్రము చట్టమిచ్చినది. కావున జవాబు త్వరగా వచ్చిన చాలదు, సరిగానుండవలెను. ఈ నిజమును మేము మరువలేదు.

అయినను జాప్యమువలన కలుగు కీడు సామాన్యమైనది కాదు. అచ్చటి పద్ధతిలో ఉభయులును సంతకములు చేసిన ఒడంబడికలను మార్చుకొనువరకు ఎవ్వరును కట్టుబడరు. ఈ మధ్యకాలములో అమ్మువాడు హెచ్చు వెల యిచ్చువాని వైపునకు మరలవచ్చును. కొనువాడు వెనుకకు పోవచ్చును. పైగా తన యింటి నమ్మి, ఆ సొమ్ముతోనే వేరొక యిల్లు కొనువారు పెక్కుమంది. ఇట్టి బేరములు గొలుసుగా నేర్పడును. ఒక కచ్చేరీలో నొక్క కాగితము నిలిచిన, నాలుగూళ్లలో నాలుగు కుటుంబములు మూటలు కట్టుకొని కూర్చుండవలసినదే. బ్యాంకు ఒప్పుకొన్న అప్పునకు గడువు గలదు. విచారణ పత్రములు ఆరునెలలు దాటినచో బ్యాంకులు సామాన్యముగా నంగీకరింపవు. 2020 జూలైలో ఇంగ్లండు ప్రభుత్వము స్టాంపు సుంకమును తాత్కాలికముగా తగ్గింపగా, 2021వ సంవత్సరపు గడువు లోపల కొనవలెనని జనులు త్వరపడిరి. కచ్చేరీలలో కాగితములు పేరుకొనెను. పన్ను తగ్గించిన ప్రభుత్వము గుమాస్తాలను పెంచవలెనని తలపకపోవుట వింత! 2020 అక్టోబరులో లండనులోని హాక్నీ కౌన్సిలు కంప్యూటర్లపై దుండగుల దాడి జరుగగా, అచ్చట ఈ విచారణలు నెలల తరబడి స్తంభించెను.

ఈ జాప్యమునకు కారణములు పలువిధములు. పెక్కు ప్రాంతములలో ఇండ్ల యనుమతులు జిల్లా కౌన్సిలు చేతిలోను, బాటలు కౌంటీ కౌన్సిలు చేతిలోను ఉన్నవి. ఒక కచ్చేరీ మరియొక కచ్చేరీని అడిగి, అది చెప్పువరకు కాచుకొనవలెను. పాత దస్త్రములు కొన్ని నేటికిని కాగితములపైననే యున్నవి. సొలిసిటరులును నిర్దోషులు కారు. సరియైన పటము జతపరుపక పంపువారు కొందరు. ఆఖరు ఘడియ వరకు అడుగక, పిమ్మట కౌన్సిలుపై నింద మోపువారు కొందరు.

డబ్బు లేదను సాకును మాత్రము మేమంగీకరింపజాలము. ఈ విచారణ ధర్మకార్యము కాదు. 2008వ సంవత్సరపు నిబంధనల ననుసరించి, ఇంగ్లండులోని కౌన్సిలులు ఈ ప్రశ్నలకు జవాబిచ్చుటకగు వ్యయమును రుసుముగా వసూలు చేసికొనవచ్చును. అంతకుమించి లాభము తీయరాదు. కొనువాడు పూర్తివెల ముందుగానే చెల్లించినప్పుడు, ఆ పనికి చాలినంతమంది గుమాస్తాలను ఉంచుట కౌన్సిలు కనీసధర్మము కాదా?

సంస్కరణ జరుగలేదని చెప్పుట న్యాయము కాదు. భూభారముల పుస్తకమును భూమి రిజిష్ట్రీ శాఖ క్రిందకు తెచ్చుటకు 2015లో చట్టము చేసిరి. 2018 జూలైలో వార్విక్ జిల్లా కౌన్సిలు మొట్టమొదట ఆ పద్ధతిలో చేరెను. పిమ్మట ఇతర కౌన్సిలులు క్రమముగా చేరుచున్నవి. చేరిన చోట్ల ఆ శోధన ఫలితము కంప్యూటరుపై అప్పటికప్పుడే చేతికి వచ్చుచున్నది. కాని కాన్ 29 ప్రశ్నలు ఇంకను కౌన్సిలుల యొద్దనే యున్నవి. రెండు తలుపులలో నొకటి తెరచి, రెండవదానికి గడియ వేసినచో లోపలికి పోవుటెట్లు?

కావున మా యభిప్రాయమిది. జవాబునకు గడువును నిర్ణయించి, ప్రతి కౌన్సిలును తనకు పట్టిన దినముల సంఖ్యను నెలనెలకు ప్రకటింపవలెను. గడువు తప్పినచో రుసుములో కొంత తిరిగి యీయవలెను. కౌంటీ దస్త్రములను జిల్లా గుమాస్తా తన బల్లయొద్దనే చూచుకొను ఏర్పాటు కావలెను. ఇంటిని అమ్మకమునకు పెట్టిన దినముననే అమ్మువాడు ఈ విచారణలు చేయింపవలెను. 2007లో ఇట్టి పద్ధతినే ప్రవేశపెట్టి, 2010లో దానిని నిలిపివేసిరి. 2025 అక్టోబరులో ప్రభుత్వము ముఖ్యవివరములను ముందుగానే ఈయవలెనను యోచనను మరల ప్రజల యెదుట పెట్టినది. యోచన మంచిది, ఈసారి సగములో విడువకుండ సాగింపవలెను.

పరులకు బుద్ధి చెప్పుటతో మన పని తీరదు. మన సబ్‌రిజిష్ట్రారు కచ్చేరీ యిచ్చు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టులో రిజిష్టరైన క్రయములు, తనఖాలు మొదలగునవి మాత్రమే కనబడును. లేఅవుటునకు అనుమతి గలదా, బాట వెడల్పులో స్థలము పోవునా యనునవి అందు తెలియవు. వానికై పురపాలక సంఘమును వేరుగా నడుగవలెను. అచ్చట అడిగినవారికి జవాబు ఆలసించుచున్నది. ఇచ్చట అడుగకయే కొనువారు పెక్కుమంది. జీవితకాలపు కష్టార్జితమును ధారపోసి స్థలము కొనువాడు ముందుగా నడుగుట నేర్వవలెను. అడిగినవానికి గడువులోపల వ్రాతమూలకముగా జవాబిచ్చుట మన పురపాలక సంఘములును నేర్వవలెను.