కెమెరా ఎవరి చేతిలో వుంది?

కిందటేడు ఒక విశ్వవిద్యాలయంలో మాస్ కమ్యూనికేషన్ ఎం.ఏ. చివరి సెమిస్టర్ విద్యార్థులు తీసిన ప్రాజెక్టు సినిమాలు చూసి వైవా చెయ్యడానికి నన్ను పిలిచారు. నేను సోషియాలజీ మనిషిని. ‘జెండర్ కోణం’ కోసం ఒకరుండాలని ఇలా పిలుస్తుంటారు. వెళ్లాను.

ఒక జట్టు తీసిన డాక్యుమెంటరీ తెల్లవారుజామున నగరంలో రోడ్లు వూడ్చే స్త్రీల గురించి. మంచి విషయం ఎంచుకున్నారు. వెనక వినిపించే వ్యాఖ్యానం ఇంకా బాగుంది. కానీ బొమ్మలో ఏదో తేడా వుంది. సగం షాట్లు ఫ్లైఓవర్ మీంచి కిందికి తీసినవి. దగ్గరగా తీసిన చోటల్లా ఆ స్త్రీలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటున్నారు, లేదా అటు తిరిగి వూడుస్తున్నారు. చివర్లో పేర్లు పడ్డాయి. పరిశోధన, రచన, వ్యాఖ్యానం ముగ్గురు అమ్మాయిలవి. కెమెరా, ఎడిటింగ్ ఇద్దరు అబ్బాయిలవి.

“ఈ సినిమా తియ్యాలన్న ఆలోచన ఎవరిది?” అని అడిగాను.

“నాదే మేడమ్. మా చిన్నమ్మ అదే పని చేస్తది” అంది ఒకమ్మాయి.

“మరి కెమెరా నువ్వెందుకు పట్టుకోలేదు?”

“సాయంత్రం ఆరు దాటితే అమ్మాయిల పేరు మీద కెమెరా ఇయ్యరు మేడమ్. హాస్టల్ గేటు పొద్దున ఆరింటిదాకా తియ్యరు. వాళ్లేమో చీకట్లనే పని మొదలుపెడ్తరు. అందుకే వీళ్లిద్దరు పోయి తీసుకొచ్చిన్రు.” కొంచెం ఆగి అంది: “నేను పోతే మా చిన్నమ్మ మాట్లాడేది. వీళ్లను చూసి మొహం దాచుకున్నది.”

ఆ అబ్బాయిలు చెడ్డవాళ్లేం కాదు. కష్టపడి తీశారు. కానీ ఆ సినిమా తియ్యాల్సిన మనిషి ఆ సమయానికి హాస్టల్ గేటు లోపల వుంది. చీకట్లో బయటికెళ్లి పనిచేసే స్త్రీల గురించి సినిమా తియ్యాలంటే చీకట్లో బయటికి వెళ్లకూడదన్న నియమం అడ్డమొచ్చింది. ఈ వైపరీత్యం ఆ గదిలో వున్న పరీక్షకుల్లో నాకు తప్ప ఇంకెవరికీ వింతగా అనిపించలేదు. ఒకాయన “ఏదైనా టీమ్ వర్క్ కదండీ” అని నవ్వేశాడు.

ఈ ‘టీమ్ వర్క్’ గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

మన ప్రాంతంలో ఈ చదువు కొత్తదేమీ కాదు. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లోనే మొదలైంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ 1988లో వచ్చింది. ప్రత్యేకించి స్త్రీల కోసం 1983లో ఏర్పడిన తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కూడా ఈ కోర్సు వుంది. ఇవి కాక ప్రైవేటు కాలేజీలెన్నో వచ్చాయి. నేను పాఠాలు చెప్పడానికి వెళ్లిన తరగతుల్లో అమ్మాయిలు సగానికి తగ్గకుండా వుంటున్నారు. అందుకని ఇక్కడ వివక్ష లేదు అంటారు శాఖాధిపతులు. కానీ సీట్ల లెక్కతో తేలే విషయం కాదిది. చూడాల్సింది పరికరాల లెక్క. కెమెరా తీసుకెళ్లినప్పుడు రిజిస్టరులో సంతకం ఎవరు పెడుతున్నారు? లైట్లు ఎవరు అమరుస్తున్నారు? ఎడిటింగ్ గది తాళంచెవి రాత్రిళ్లు ఎవరి జేబులో వుంటోంది? ఈ మూడు ప్రశ్నలు ఏ శాఖలోనైనా అడిగి చూడండి. స్క్రిప్టు, పరిశోధన, యాంకరింగ్, డబ్బింగ్, అనుమతుల కోసం తిరగడం, అందరికీ టీలు తెప్పించడం ఆడపిల్లలవి. యంత్రం మగపిల్లలది. ఇంట్లో వున్న శ్రమ విభజనే తరగతి గదిలోకి నడిచొచ్చింది. దానికి క్రెడిట్లు, గ్రేడులు ఇస్తున్నాం.

పైగా ఈ పిల్లలందరూ లారా మల్వీని చదువుతారు. సినిమాలో పురుష దృష్టి గురించి 1975లో ఆమె రాసిన వ్యాసం దాదాపు ప్రతి సిలబస్‌లోనూ వుంది. పురుష దృష్టి అంటే ఏమిటో నాలుగు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయికి కెమెరా లోంచి తన దృష్టితో చూసే అవకాశం మాత్రం దొరకదు. సిద్ధాంతం ఆడపిల్లలకీ, ఆచరణ మగపిల్లలకీ పంచిపెట్టిన చదువు ఇది.

దీన్ని సమర్థించుకోడానికి చెప్పే కారణాలు నాలుగున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది భద్రత. “రాత్రిపూట ఏమైనా జరిగితే బాధ్యత ఎవరిది?” అంటారు. 2013 ఆగస్టులో ముంబయి శక్తి మిల్స్‌లో ఫోటో జర్నలిస్టుగా పనిచేస్తున్న 22 ఏళ్ల అమ్మాయి మీద సామూహిక అత్యాచారం జరిగింది. అప్పుడు అర్ధరాత్రి కాదు, సాయంత్రం. ఆమె ఒంటరిగా లేదు, పక్కన మగ సహోద్యోగి వున్నాడు. గేటు వేళలూ, తోడుగా మగవాడూ భద్రత ఇవ్వవని ఇంతకంటే ఘోరంగా ఎవరు చెప్పాలి? నేరం చేసినవాళ్ల గురించి అడగాల్సిన ప్రశ్నని పనికెళ్లిన అమ్మాయి మీదికి తిప్పడమే ఈ భద్రత వాదన చేసే పని. విశ్వవిద్యాలయాలు ఒక సంగతి కావాలనే మర్చిపోతున్నాయి. లైంగిక వేధింపుల నివారణ మీద యుజిసి తెచ్చిన 2015 నిబంధనలు, భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో ఆడపిల్లలకి మగపిల్లలకి లేని ఆంక్షలు పెట్టకూడదని స్పష్టంగా అంటున్నాయి. అంటే ఆ అమ్మాయిని ఆపిన గేటే నిబంధనలకి విరుద్ధం. 2015లో ఢిల్లీలో పింజ్రా తోడ్ పేరుతో విద్యార్థినులు రోడ్డెక్కింది ఈ గేట్ల గురించే.

ఆ నిబంధనల్లోనే ఇంకో ముఖ్యమైన విషయం వుంది. ‘క్యాంపస్’ అంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. చదువులో భాగంగా విద్యార్థి వెళ్లే ఫీల్డ్ ట్రిప్పులు, ఇంటర్న్‌షిప్ చేసే చోట్లు, వాటికోసం సంస్థ ఏర్పాటు చేసే ప్రయాణం కూడా దాని కిందికే వస్తాయి. 2013 చట్టం కూడా ట్రైనీలనీ అప్రెంటిస్‌లనీ ఉద్యోగుల్లో కలిపే లెక్కపెట్టింది. కాబట్టి చానెల్లో ఇంటర్న్‌గా వున్న అమ్మాయిని ఎవడో వేధిస్తే “అది బయట జరిగింది, మాకు సంబంధం లేదు” అని శాఖ చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. విద్యార్థుల విషయమైతే ఫిర్యాదుల కమిటీలో ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు కూడా వుండాలి. మీ దగ్గరున్న విశ్వవిద్యాలయంలో ఆ ఎన్నిక ఎప్పుడు జరిగిందో అడగండి. నిజంగా భద్రత కావాలంటే అడగాల్సినవి ఇవి. ఆడపిల్లని లోపల పెట్టి తాళం వెయ్యడం భద్రత కాదు.

రెండో కారణం: “కెమెరాలు ఖరీదైనవి, బరువైనవి.” రోజుకి ఎన్ని బిందెల నీళ్లు మోసినా స్త్రీల బలం మీద ఎవరికీ అనుమానం రాదు. కెమెరా, ట్రైపాడ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం సుకుమారులైపోతాం. ఈ మాటలన్నిటికీ బి.ఆర్. విజయలక్ష్మి 1985లోనే ‘చిన్న వీడు’ అనే తమిళ సినిమాకి ఛాయాగ్రహణం చేసి జవాబు చెప్పింది. అంతకు చాలాముందే, 1930ల చివర్లో, హోమాయ్ వ్యారవాలా పత్రికలకి ఫోటోలు తియ్యడం మొదలుపెట్టింది. ఆమె తొలినాటి ఫోటోలు భర్త పేరు మీద అచ్చయ్యాయి. ఫోటో ఆమెది, పేరు ఆయనది! ఆ రోజులు పోయాయనుకుంటాం. నేను చూసిన ఆ ప్రాజెక్టు సినిమాలో ఆలోచన ఎవరిది, దృశ్యం ఎవరిది?

ఇక్కడ ఇంకో విషయం ఆలోచించాలి. విజయలక్ష్మి దర్శక నిర్మాత బి.ఆర్. పంతులు కూతురు. 1953లో ‘చండీరాణి’కి దర్శకత్వం వహించిన భానుమతికి సొంత నిర్మాణ సంస్థ వుంది. వాళ్ల ప్రతిభని తక్కువ చెయ్యడం లేదు. కానీ ఇంట్లోనే స్టూడియో లేని పిల్ల, తండ్రి పేరు చెప్పుకుని సెట్లోకి అడుగుపెట్టలేని పిల్ల, నల్గొండ నుంచో అనంతపురం నుంచో స్కాలర్‌షిప్ మీద వచ్చిన దళిత, బీసీ, ముస్లిం పిల్ల కెమెరా ఎక్కడ నేర్చుకోవాలి? అలాంటి పిల్లకి విశ్వవిద్యాలయం ఒక్కటే తలుపు. డబ్బున్నవాళ్లు కెమెరా కొనుక్కుంటారు. లేనివాళ్లకి ఆ శాఖ బీరువాలో వున్న కెమెరాయే దిక్కు. ఆ తలుపు కూడా ఆరింటికి మూసేస్తే దెబ్బ అందరాడపిల్లలకీ ఒకేలా తగలదు. ఏ ఆసరా లేని పిల్లకే ఎక్కువ తగులుతుంది.

మూడో కారణం మార్కెట్. “చానెళ్లు అమ్మాయిల్ని యాంకర్లుగానే అడుగుతాయి, మేమేం చేస్తాం?” అంటారు. ఏ అమ్మాయిని అడుగుతాయి? తెల్లగా వుండే అమ్మాయిని. నల్లగా వున్న విద్యార్థినికి “నీ మొహం కెమెరాకి సరిపోదు, డెస్కులో చేరు” అని సలహా ఇచ్చిన అధ్యాపకులు నాకు తెలుసు. ఇది కెమెరా గురించి తెలియనివాళ్లు అనాల్సిన మాట. కెమెరా లోపలి మీటరు ఎదురుగా వున్నదాన్నంతా సగటు చేసి మధ్యరకం బూడిదరంగుకి తెస్తుంది. నల్లటి మొహాన్ని తెల్లగోడ ముందు కూర్చోబెడితే మొహం చీకటైపోతుంది. అప్పుడు గోడ మార్చాలి, లైటు మార్చాలి, మొహం మీద కొలత తీసుకోవాలి. మొహాన్ని మార్చమనకూడదు. ఒకప్పుడు కోడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోడానికి తెల్లజాతి స్త్రీ బొమ్మ వున్న ‘షర్లీ కార్డు’నే కొలమానంగా ఇచ్చేది. యంత్రం నిష్పాక్షికం కాదు, దాన్ని ఎవరి చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేశారన్నది వుంటుందని చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ఆ పాఠం చెప్పాల్సిన చోటే మార్కెట్ మాటని తిరిగి వల్లిస్తున్నారు. విశ్వవిద్యాలయం పని మార్కెట్‌కి సరుకు పంపడమే అయితే అది ప్రజల డబ్బుతో నడవాల్సిన అవసరమేముంది?

నాలుగో కారణం కొత్తది. “ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా, ఇంకా కెమెరా గొడవేంటి?” అంటారు. ఫోను వచ్చి మంచే జరిగింది, కాదనను. కానీ సెట్లలో, చానెళ్లలో జీతం, హోదా, నిర్ణయం వున్న పనులు ఇంకా లైట్లు, శబ్దం, ఎడిటింగ్, దర్శకత్వాల చుట్టూనే వున్నాయి. ఫోన్లో రీలు తియ్యడం రావడం వేరు, ఆ పనులు చెయ్యగలగడం వేరు. ఇక అక్కడికి చేరిన స్త్రీల పరిస్థితి ఏమిటో కేరళలో 2017లో వేసిన హేమ కమిటీ చెప్పింది. 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టు దాకా బయటికి రాలేదు. లైంగిక వేధింపులతోపాటు, సెట్లలో మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు కూడా లేకపోవడం గురించి అందులో వుంది.

1995 బీజింగ్ సమావేశం గుర్తించిన 12 ముఖ్య రంగాల్లో మీడియా ఒకటి. ఆ ఏడాదే మొదలైన ప్రపంచ మీడియా పరిశీలన ప్రకారం వార్తల్లోకెక్కే మనుషుల్లో స్త్రీలు 17 శాతం. 2020లో అది 25 శాతం. పాతికేళ్లలో పెరిగింది ఎనిమిది శాతం! కెమెరా వెనక మార్పు రాకుండా ముందు మార్పు రాదనడానికి ఈ లెక్క చాలు.

మరి ఇంకోలా సాధ్యమేనా? సాధ్యమని చూపించినవాళ్లు హైదరాబాద్‌కి వంద కిలోమీటర్ల దూరంలోనే వున్నారు. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, వ్యవసాయ కూలి చేసుకునేవాళ్లు, వీడియో కెమెరా నేర్చుకుని సినిమాలు తీశారు. 2008 అక్టోబరులో మాచనూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు. వాళ్లలో చాలామంది బడికెళ్లి చదువుకున్నవాళ్లు కాదు. షాట్లకి వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. దొరతనపు చూపు వున్న షాటు ‘పటేల్ షాట్’. సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చున్నట్టు, కంటికి కన్ను ఎదురుగా వుండే షాటు ‘సంఘం షాట్’. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో ఆ షాటుని కంటి ఎత్తుని బట్టి పిలుస్తారు, అంతే. ఆ ఎత్తులో కులమూ అధికారమూ వున్నాయని ఈ స్త్రీలు కనిపెట్టారు. ఫ్లైఓవర్ మీంచి రోడ్లు వూడ్చే స్త్రీలని తీసిన ఆ కుర్రాళ్లకి ఈ ఒక్క పాఠం ఎవరైనా చెప్పి వుంటే కిందికి దిగేవాళ్లు. ఈ స్త్రీలని ఎన్ని విశ్వవిద్యాలయాలు అధ్యాపకులుగా పిలిచి కుర్చీ వేశాయి? వాళ్ల మీద పరిశోధనలు చేసి డాక్టరేట్లు తీసుకోవడం మాత్రం మనకి వచ్చు.

ఇక మన సంగతి. ఈ మాట చెప్పకుండా ముగిస్తే నాది సగం నిజమే అవుతుంది. మన మహిళా సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు సభ పెడితే ఫోటోలకి ఎవరిని పిలుస్తున్నాం? ప్రాజెక్టు డాక్యుమెంటరీ ఎవరికిస్తున్నాం? నేను పనిచేసిన సంస్థల్లో ప్రతిసారీ మగవాళ్ల వీడియో బృందానికే ఇచ్చాం. హింసనెదుర్కొన్న స్త్రీలని వాళ్ల కెమెరా ముందు కూర్చోబెట్టి మాట్లాడమన్నాం. వాళ్లు మొహం దాచుకుంటే ‘చైతన్యం రాలేదు’ అని రిపోర్టులో రాసుకున్నాం. “తొందరగా కావాలి, అనుభవం వున్నవాళ్లు కావాలి” అన్న మన సాకుకీ, శాఖాధిపతుల సాకుకీ తేడా ఏముంది? పని ఇవ్వకపోతే అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకే కొన్ని పనులు ఇప్పుడే మొదలుపెడదాం. పరికరాల రిజిస్టరు కాపీ కోసం సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడదాం. ప్రతి విద్యార్థి కెమెరా, లైటింగ్, శబ్దం, ఎడిటింగ్ నాలుగూ సొంతంగా చేసి చూపిస్తేనే ప్రాజెక్టు మార్కులు వెయ్యాలని అడుగుదాం. రాత్రి షూటింగుకి వెళ్లే విద్యార్థినులకి వాహనం ఇమ్మందాం, గేటు తెరవమందాం. ఇంటర్న్‌షిప్‌కి పంపేముందు అక్కడ ఫిర్యాదుల కమిటీ వుందో లేదో శాఖే చూడాలని పట్టుబడదాం. మన సంస్థల వీడియో పనులు ఈ అమ్మాయిలకిద్దాం, పనికి తగిన డబ్బులిద్దాం.

వైవా అయ్యాక ఆ అమ్మాయిని అడిగాను, మళ్లీ అవకాశమొస్తే ఏం చేస్తావని. “మా చిన్నమ్మతో పాటు వూడ్చుకుంట పోతా మేడమ్. రెండు రోజులు కెమెరా బయటికే తియ్య. మూడోనాడు తీస్తా” అంది. ఫీల్డ్ వర్క్ పద్ధతుల మీద ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెప్తున్నాను. ఇంతకంటే బాగా నేనెప్పుడూ చెప్పలేదు. ఆమెకి కావలసింది నా మెచ్చుకోలు కాదు, తెల్లవారుజామున నాలుగింటికి తెరిచే గేటూ, తన సంతకం మీద ఇచ్చే కెమెరా.