రాములు పేరులోని ‘ల’ ఎక్కడ పోయింది?

భద్రాచలం చుట్టుపక్కల రాములు లేని ఊరు ఉండదు. రాములు, రాములమ్మ, లక్ష్మయ్య, లక్ష్మి... ఇంటికొకరు ఉంటారు. పాత రికార్డులను కొత్త సర్వర్లలోకి ఎక్కించడం నా వృత్తి. ఒక కార్యాలయం నా చేతికిచ్చిన లబ్ధిదారుల జాబితాలో ఏ రాములుకూ ‘ల’ లేదు. ‘రాము’ పక్కన ఒక కొమ్ము మాత్రం వేలాడుతోంది. లక్ష్మి పేరు ‘క్ష్మి’తో మొదలవుతోంది. టైపు చేసినవాళ్ల తప్పు అందామంటే, వందలాది పేర్లలో ఒకే అక్షరం పోవడం మనిషి చేసే పొరపాటు కాదు.

కారణం ‘అను’ అనే పేరున్న ఫాంట్లు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఖమ్మం నుంచి చర్ల దాకా డీటీపీ సెంటర్లలో వాటిదే రాజ్యం. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు ఉండవు. కంప్యూటర్‌లో ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు ఉన్న స్థానాల్లోనే తెలుగు ముక్కల బొమ్మలు కూర్చారు. అందులో ‘ల’కు దక్కింది బ్యాక్‌స్లాష్ స్థానం, అంటే 92వ సంఖ్య. మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్‌కు ఆ గుర్తు అక్షరం కాదు, ‘తర్వాత వచ్చేదాన్ని ప్రత్యేకంగా చూడు’ అనే ఆజ్ఞ. ఆజ్ఞను పాటించి, గుర్తును పారేస్తుంది. జాగ్రత్త తీసుకోకుండా ఎక్కిస్తే ప్రతి ‘ల’ అలాగే మాయమవుతుంది.

యూనికోడ్ వచ్చాక పేర్లకు ఈ బెడద తప్పింది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది, వాటిలో 92 ఎప్పుడూ రాదు. కానీ అడవి భూమి సాగుచేసుకునేవాళ్లకిచ్చే పోడు పట్టాలో పేరు ఒక్కటే ఉండదు కదా. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవారికి హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరిట ఇవ్వాలి. ఇద్దరి ఫొటోలు, వేలిముద్రలు, స్కాన్ చేసిన పాత కాగితాలు కంప్యూటర్‌లో ఉంటాయి. ఇవన్నీ బైనరీ డేటా. అంటే 0 నుంచి 255 దాకా ఏ సంఖ్యైనా ఎక్కడైనా రావచ్చు. 20 కిలోబైట్ల చిన్న ఫొటోలో 92 సుమారు 80 సార్లు వస్తుంది. 39 కూడా దాదాపు అన్నిసార్లే. 39 అంటే సింగిల్ కొటేషన్ గుర్తు. అది ఎదురైతే చాలు, విలువ అక్కడితో అయిపోయిందని డేటాబేస్ అనుకుంటుంది.

అందుకే ఇలాంటి గుర్తుల ముందు మరో గుర్తు పెట్టి, ‘ఇది ఆజ్ఞ కాదు, సరుకే’ అని చెబుతారు. దీన్నే ఎస్కేప్ చేయడం అంటారు. చిక్కంతా ఎవరికి వారు తమ పద్ధతిలో చేయడంతో వస్తోంది. ఫారం తీసుకునే ప్రోగ్రాం ఒకసారి బ్యాక్‌స్లాష్ పెడుతుంది, దాచే ప్రోగ్రాం మళ్లీ పెడుతుంది, చదివేది ఒక్కసారే తీస్తుంది. వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో మ్యాజిక్ కోట్స్ అనే ఏర్పాటు అడక్కుండానే స్లాష్‌లు చేర్చేది. దాన్ని 2012లో 5.4 వెర్షన్‌లో తీసేశారు, ఆ కాలపు డేటా మాత్రం ఇంకా తిరుగుతోంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ 2010లో 9.0 వెర్షన్‌తో బైనరీని బయటకిచ్చే పద్ధతిని హెక్స్‌కు, అంటే ఒక్కో బైటును రెండు అక్షరాలుగా రాసే పద్ధతికి, మార్చింది. అది మంచి మార్పే. కానీ డేటాబేస్‌తో మాట్లాడే పాత డ్రైవర్ ప్రోగ్రాంలకు ఆ భాష తెలియక, ఫొటో అడిగితే అంకెల దండ చేతికొచ్చింది. మరుసటి ఏడాది మామూలు స్ట్రింగుల్లో బ్యాక్‌స్లాష్‌కు ఉన్న ప్రత్యేకతనూ తీసేసింది. ఒక డేటాబేస్ కోసం ఎస్కేప్ చేసినది మరో దాంట్లో పోస్తే చెడిపోతుందని ఇంతకంటే ఏం చెప్పాలి?

అందరిదీ ఒకే పద్ధతి కావాలని తునికాకు కోసేవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. కట్టకు యాభై ఆకులని అందరూ ఒకే లెక్క పాటిస్తేనే కల్లంలో కూలి తేలుతుంది.

మన సరిహద్దులో రికార్డులు కుదురుగా ఉన్నది తక్కువ. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. భద్రాచలం పట్టణం ఇటు తెలంగాణలో ఉంటే, పక్కనే ఉన్న ఎటపాక అటు. 2016 అక్టోబర్‌లో ఖమ్మం జిల్లాను విడదీసి భద్రాద్రి కొత్తగూడెం చేశారు. 2022లో చింతూరు, కూనవరం అల్లూరి జిల్లాలో కలిశాయి. గీత మారినప్పుడల్లా ఏదో ఒక ఫైలు ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పోవాల్సిందే.

మొదట చెప్పిన కార్యాలయం పాత రికార్డుల్లోనే ఒక దంపతుల ఫొటో తెరిచాను. పై అంచున సన్నటి పట్టీ, ఆయన తలపాగా కొస మాత్రమే తెలుస్తోంది. కింద అంతా బూడిదరంగు చారలు. ఆమె ముఖం అసలు లేదు. ‘మళ్లీ ఫొటో దిగి రమ్మనండి సార్’ అన్నారు అక్కడివాళ్లు. ఎవరిని రమ్మంటాం? ఆయన పోయి చాలా కాలమైంది. భూమి మీద తన హక్కుకు ఆధారంగా ఆ ఇల్లాలి దగ్గర మిగిలింది చెదలు తిన్న కాగితం.

దీనికి మందు ఎప్పటి నుంచో ఉంది. ఆజ్ఞను, విలువను కలిపి ఒకే వాక్యంగా కుట్టకుండా, విలువను వేరే పారామీటరుగా పంపాలి. అప్పుడు ప్రోగ్రామర్ చేత్తో ఎస్కేప్ చేసే పనే ఉండదు, విలువ ముసుగులో ఆజ్ఞను దూర్చే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ దాడులకూ దారి మూసుకుపోతుంది. బ్యాకప్ తీసేటప్పుడు బైనరీ అంతా హెక్స్‌లో రాయాలి. మైఎస్‌క్యూఎల్ డంప్‌లో దానికి హెక్స్-బ్లాబ్ అనే ఆప్షన్ ఉంది, మనం అడిగితే తప్ప పనిచేయదు. హెక్స్‌లో సైజు రెట్టింపవుతుందని కొందరు కాంట్రాక్టర్లు సణుగుతారు. 2023లో తెలంగాణలో పోడు పట్టాలు ఇచ్చింది సుమారు 1.51 లక్షల మందికి. పట్టాకు రెండు ఫొటోలు, ఒక్కోటి 20 కేబీ అనుకున్నా మొత్తం ఆరు జీబీ, రెట్టింపైతే పన్నెండు. జేబులో పట్టే పెన్‌డ్రైవ్ చాలు. ఈ పొదుపు కోసం ఒక మనిషి ముఖాన్ని పణంగా పెట్టడాన్ని నేను ఒప్పుకోను.

అన్నిటికంటే ముఖ్యం సరిచూడటం. ప్రతి ఫొటోకు ఎక్కించకముందు, ఎక్కించాక ఎస్‌హెచ్‌ఏ-256 అనే డిజిటల్ ముద్ర విలువ కట్టి పోల్చాలి. ఒక్క బైటు మారినా అది పట్టేస్తుంది. ‘ఇన్ని లక్షల రికార్డులు బదిలీ అయ్యాయి’ అన్న నివేదికకు నా దృష్టిలో విలువ లేదు. చెడిన ఫొటో కూడా ఆ లెక్కలో ఒక రికార్డే కదా!

రికార్డుల బదిలీకి టెండర్లు రాసే రెండు రాష్ట్రాల అధికారులకు నా విన్నపం ఇదే. ఈ షరతులను ఒప్పందంలోనే రాయండి. సరిచూసిన జాబితాను గ్రామసభలో పెట్టి, పట్టాదారులకు తమ పేరు, ఫొటో చూపించండి. అది పూర్తయ్యేదాకా గుత్తేదారుకు బిల్లు చెల్లించకండి, పాత సర్వర్‌ను ఆపకండి.