సున్నా వేరు, ఖాళీ వేరు

సంక్రాంతికి పుంగనూరు దగ్గర మా ఊరికెళ్ళి, పొద్దున్నే చెరువు కట్ట మీద కూర్చుని బాతులు లెక్కపెడుతున్నా. మా అవ్వ చూసి "ఏందిరా, దానికేమన్నా దుడ్డు ఇస్తారా?" అంది. ఇవ్వరు. బెంగళూరులో దుడ్డు ఇచ్చే పని కూడా నేనింత శ్రద్ధగా చెయ్యను (మా మేనేజర్‌కి తెలుగు రాదులెండి).

ఆ రోజు లెక్క: గార్గనీ బాతులు 43, సూదితోక పిన్‌టెయిళ్ళు 6, అంచున బురదలో ఉడ్ శాండ్‌పైపర్లు 4. గార్గనీ అంటే చిన్న బాతు. ఎక్కడో యూరప్, ఉత్తర ఆసియాల్లో పిల్లల్ని చేసుకుని చలికాలానికి మన చెరువులకొస్తుంది.

ఇంటికొచ్చి ఈబర్డ్‌లో వెతికితే మా చెరువు పేరు మీద ఒక్క లిస్టూ లేదు. అదే మదనపల్లె పక్కన రిషి వ్యాలీ చూడండి. అక్కడ ఏళ్ళ తరబడి చూసి రాసిపెట్టారు. 1991లో దాన్ని పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు కూడా. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పసుపుగొంతు పిగిలిపిట్ట అక్కడుందని అందరికీ తెలుసు. మా చెరువులో ఏముందో మాత్రం ఎవరికీ తెలీదు.

నల్‌కీ జీరోకీ తేడా మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా! పక్షి లేకపోవడం జీరో. ఎవరూ చూడకపోవడం నల్. కనిపించినవన్నీ రాసిన కంప్లీట్ చెక్‌లిస్టు ఉంటేనే రాయని పక్షిని జీరో అనుకోగలం. ఇది తెలిసిన మనమే, సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు పోయాయని ఏ లెక్కా లేని మెసేజ్‌లు ఫార్వర్డ్ చేస్తుంటాం.

2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్ళు కుప్పం దాకా వచ్చాయి. రైతులకి పండగే, నాకూ సంతోషమే. కానీ చెరువు అంచులదాకా నిండితే శాండ్‌పైపర్లు తిరిగే బురద మునిగిపోతుంది, లోతు నీళ్ళలో మునిగి మేసే పక్షులు పెరగొచ్చు. లాభమో నష్టమో తేల్చాలంటే నీళ్ళు రాకముందు లెక్క కావాలి. చాలా చెరువులకి అది లేదు, ఇక రాదు కూడా. ఇంకా నీళ్ళు చేరని చెరువులకైనా ఇప్పుడే లెక్క రాయాలంటాను. పెద్ద కెమెరా అక్కర్లేదు, పండక్కి ఊరెళ్ళినప్పుడు పావుగంట చాలు.

కుప్పంలో ఉన్న మా ఫ్రెండ్ పోయిన ఆదివారం మొదటి లిస్టు పంపాడు. 11 రకాలు, అందులో ఒకటి "ఏదో బాతు". ఫోటో అడిగా.